ఇక్కడ పాట పడుతుంది

భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను ‘వెనక్కిచూడమ్మ’ అంటారు. మగవాడికి గ్రామదేవత పేరేంటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. ముప్పై ఏళ్ళకి పైగా పెళ్ళి వీడియోలు తీశాను. అప్పగింతలయ్యాక పెళ్ళికూతురు కారెక్కబోతుంటే, వెనక నుంచి ‘ఒక్కసారి వెనక్కి చూడమ్మా’ అని కేకేసేవాణ్ణి. పందిట్లో పిల్లలు ఆ మాటని వెక్కిరించి వెక్కిరించి, చివరికి నాకే అతికించారు. నా అసలు పేరు సూర్యం. అది రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళకి పనికొచ్చేలా నాలుగు ముక్కలు రాయమని మా వాళ్ళు చాలాకాలంగా పోరుతున్నారు. లెన్సుల సంగతి, డ్రోన్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నాకు ఎవరెవరు సన్మానం చేశారో రాయను. ఆ శాలువాలు మా ఆవిడ ఏనాడో ఇస్త్రీ బల్ల మీదకి పరిచేసింది. నేను రాసేది ఒక అమ్మాయి వచ్చి నన్నడిగిన ఒక్క ప్రశ్న గురించి. ఆ ప్రశ్న అడిగాక నాకు నా పని మీదే భయం పుట్టింది.

వసుధ అడిగింది

ఆ అమ్మాయి పేరు వసుధ. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని వీధి గదిలో కూర్చున్నాను. గేటు తీసుకుని వచ్చి, చేతిలో పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడింది.

“బాబాయిగారూ, మా అమ్మ పెళ్ళి మీరే తీశారంటండి” అంది.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాం. నేను తీసిందే. పాత క్యాసెట్ని సీడీ చేసి, సీడీని మళ్ళీ ఇందులోకి ఎక్కించారు. రంగులు వెలిసిపోయి మనుషులందరూ పసుపు నీళ్ళలో మునిగినట్టున్నారు. కారు తలుపు దగ్గర పెళ్ళికూతురు ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి, గడ్డం కొంచెం దించి, పెదవులు బిగించి చిన్నగా నవ్వింది. పైన ఒక హిందీ పాట. నా చేతి పనే, బాగానే తీశాననుకున్నాను.

వసుధకి ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ పార్వతి జ్వరమొచ్చి పోయింది. అప్పటికి వాళ్ళింట్లో సెల్‌ఫోన్లు లేవు. కదిలే బొమ్మగా ఆవిడ మిగిలింది ఈ వీడియోలోనే. ఏటా పెళ్ళిరోజుకి నాయనమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి దీన్ని వేయిస్తుందట. ఆ షాటు రాగానే, “చూడు, మీ అమ్మ ఎలా నవ్వుతూ వచ్చేసిందో. డిగ్రీ చదువుతూ చదువుతూ, వదిలేసి వచ్చేసింది. ఆడపిల్లంటే అలా ఉండాలి” అంటుందట.

ఇప్పుడు వసుధకి పెళ్ళి కుదిరింది. రాజమండ్రి సంబంధం, కాలేజీకి రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు. పెళ్ళికొడుకు మంచివాడే, తనకీ నచ్చాడు. కానీ అవతలివాళ్ళు ఉద్యోగం మాటెత్తగానే తండ్రి సత్తిబాబుగారు, మానేస్తుందండి అని మాటిచ్చేశారు. మానడానికి కాలేజీలో నెల ముందు కాగితం ఇవ్వాలి. ఆ గడువు ఇంకా పది రోజులుంది. ఎందుకు మానాలి అని అడిగినప్పుడల్లా ఆయన వాదించరట, ఆ వీడియో గుర్తుచేస్తారట. మీ అమ్మ చేసింది కదా, నువ్వు చెయ్యలేవా అని.

పైగా పెళ్ళి తీస్తున్న కిరణ్ అనే కుర్రాడికి ఒక ఆలోచన వచ్చింది. హాల్లో పెద్ద ఎల్‌ఈడీ తెర మీద సగంలో తల్లి, సగంలో కూతురు, ఇద్దరూ ఒకేసారి వెనక్కి చూసేలా వేస్తాడట. దానికి ఒరిజినల్ టేప్ ఉంటే అడగమన్నాడు. ఆ అమ్మాయి పైకి దానికోసమే వచ్చింది. అడిగింది మాత్రం వేరే.

“మా అమ్మ నిజంగానే నవ్వుతూ వెళ్ళిందాండి? మీరు అక్కడే ఉన్నారు కదా. ఏమన్నా మాట్లాడిందా? నాకు మా అమ్మ గొంతు గుర్తులేదు బాబాయిగారూ.”

గుర్తులేదమ్మా, వెతుకుతాను అన్నాను. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది. ఎడమ భుజం మీదుగా తిరిగి, గడ్డం దించి, చిన్నగా నవ్వింది. నేను పిలవలేదు. అక్కడ కెమెరా లేదు.

గురువుగారి నోటుబుక్కు

ఆ చూపు ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

నేను పని నేర్చుకున్నది రాజమండ్రిలో. మా గురువుగారికి ఒక్క హిందీ ముక్క రాదు. కానీ హిందీ ప్రేమ సినిమా ఏదొచ్చినా మమ్మల్ని మ్యాట్నీకి లాక్కెళ్ళి, పెళ్ళి సీను రాగానే నోటుబుక్కు తీసేవారు. ‘కథ చూడకండ్రా, ఆ పిల్ల తల చూడండి’ అనేవారు. తల ఎంత వంచిందో, ఏ భుజం మీదుగా తిరిగిందో, చూపు ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీసేవారు. మన పెళ్ళికూతురు నేలకేసి చూస్తుంది, నేలని తీస్తే ఎవడు చూస్తాడు అన్నది ఆయన బాధ.

అందుకని ఆ చూపుని తెచ్చి మన పందిట్లో నాటాం. మొదట్లో ముసలమ్మలు ఒప్పుకునేవారు కారు. గడప దాటాక వెనక్కి చూడకూడదు, వెనక నుంచి పిలవకూడదు అని మా వైపు పట్టింపు. ఒకావిడ నా మీదకి చీపురు కూడా ఎత్తింది. వీడియో చూశాక మెత్తబడ్డారు. నాలుగైదేళ్ళకి వాళ్ళే ‘చూడవే, వీడియో ఆయన అడుగుతున్నాడు’ అనడం మొదలెట్టారు. ఆ తర్వాత ఒక పెళ్ళికూతురు చూడకుండా కారెక్కేస్తే, పుట్టింటి మీద మమకారం లేదని ఆ పిల్లని తిట్టారు. మన ఆచారమేనట! ఆచారం పుట్టడానికి వందేళ్ళు పడుతుందనుకునేవాణ్ణి, పదేళ్ళు చాలు.

ఆ సినిమాల మీద నాకు కోపం లేదు. నా అన్నం అవే పెట్టాయి. కానీ ఇన్ని వందల సార్లు ముక్కలు ముక్కలుగా చూశాక నాకొకటి అర్థమైంది. ఫస్టాఫ్‌లో ఆ పిల్ల రైళ్ళెక్కుతుంది, అల్లరి చేస్తుంది, నోటికొచ్చింది మాట్లాడుతుంది. సెకండాఫ్‌లో పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ప్రేమించినా తండ్రి తన చేత్తో ఇస్తేనే వెళ్తుంది. తల్లి, నేను కూడా ఇలాగే సర్దుకున్నానమ్మా అని కన్నీళ్ళు పెట్టుకుని, కూతుర్ని మాత్రం గుమ్మం దాటనివ్వదు. ఫస్టాఫ్‌లో పిల్ల ఏమైందని ఒక్కరూ అడగరు. మనం టీ తాగడానికి బయటికెళ్ళినప్పుడు ఆ పిల్లని ఎవరో తీసుకుపోయినట్టుంటుంది.

ఇంకొక సంగతి. పెళ్ళి పందిట్లో వీడియోవాడి మాటకున్న విలువ కన్నతండ్రి మాటకి కూడా ఉండదు. క్యాసెట్ మార్చాలి, ఒక్క నిమిషం పంతులుగారూ అంటే మంత్రం ఆగిపోయేది. తాళి ఇంకోసారి ఎత్తండి అంటే పెళ్ళికొడుకు ఎత్తేవాడు. ఎమ్మెల్యేగారిని పక్కకి జరగమంటే జరిగారు. హాలోజన్ లైట్ ఎటు తిప్పితే జనం అటు తిరిగేవారు. ఆ రోజుల్లో అది నాకు గర్వంగా ఉండేది.

పాట అర్థం

మిక్సింగ్ అంటే మీకు తెలియకపోవచ్చు. రెండు వీసీఆర్‌లు పెట్టుకుని, తీసిన క్యాసెట్లోంచి మంచి ముక్కల్ని ఇంకో క్యాసెట్లోకి ఎక్కించి, మాటలు తీసేసి పాట వేయడం. మాటలెందుకు తీసేవాళ్ళం? జనరేటర్ మోత, వంటవాళ్ళ కేకలు, చిన్నపిల్లల ఏడుపు. వాటి కింద ఎవరేమన్నా ఒకటే అనుకునేవాళ్ళం.

అప్పగింతలకి నా దగ్గర ఒక హిందీ పాట ఉండేది. అది వింటే రాయి కూడా కరిగేది. ఎన్ని పెళ్ళిళ్ళకి వేశానో లెక్కలేదు. సామర్లకోటలో ఒక పెళ్ళి వీడియో ఇవ్వడానికి వెళ్తే, పెళ్ళికూతురి తాతగారు కూర్చోబెట్టి చూశారు. ఆయన రైల్వేలో పనిచేస్తూ చాలా ఏళ్ళు ఉత్తరాదిన ఉండి వచ్చారు. అప్పగింతల దగ్గరికి రాగానే ఆపమన్నారు.

“బాబూ, ఈ పాటలో ఆవిడ చచ్చిపోతోందయ్యా” అన్నారు. “నా చితి మీద పూలు చల్లండి అంటోంది.”

మార్చి ఇచ్చాను. కానీ అప్పటికే ఆ పాట ఎన్ని ఇళ్ళలో ఉందో! ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇన్నేళ్ళుగా ఎక్కడో ఏదో ఇంట్లో ఒక పెళ్ళికూతురు నవ్వుతూ వెనక్కి చూస్తుంటే, పైన ఎవరో ఆవిడ చితికి పూలు అడుగుతున్నారు. మా చెల్లెలి పెళ్ళి వీడియో ఇంట్లో వేసినప్పుడల్లా నేను లేచి బయటికెళ్ళిపోతాను. అందులో ఉన్నదీ ఆ పాటే.

కొండ మీద ఇద్దరు పెళ్ళికూతుళ్ళు

ఇంకొక తప్పు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా ఇది చదివాకే తెలుస్తుంది.

అన్నవరం కొండ మీద మంచి ముహూర్తం ఉంటే పక్కపక్కనే బోలెడు పెళ్ళిళ్ళు జరుగుతాయి. అలా ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఆశ. మిక్సింగ్‌లో క్యాసెట్లు తారుమారై, ఒక పెళ్ళికూతురు వెనక్కి చూసే షాటు ఇంకో పెళ్ళిలో పడిపోయింది. నేను గమనించేసరికి క్యాసెట్ వాళ్ళింటికి వెళ్ళిపోయింది. తంతారని భయపడుతూ వెళ్ళాను. హాల్లో అందరూ కూర్చుని చూస్తున్నారు. ఆ షాటు రాగానే పెళ్ళికూతురి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ‘నా తల్లి, ఎలా చూస్తోందో చూడండి’ అంది. అది ఆవిడ కూతురు కాదు.

ఆ బాసికం, పూలజడ, ఆ వంచిన తల అందరికీ ఒకటే. పైగా చూపు నేను నేర్పిందే. తల్లే పోల్చుకోలేకపోతే ఇంకెవరు పోలుస్తారు?

ఏడాది తర్వాత ఆ ఇంటి పెళ్ళికూతురు భీమవరం బజారులో కనపడింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, అది నేను కాదు కదండీ అనడిగింది.

“ఉంచెయ్యండి. మా అత్తగారికి అది చాలా ఇష్టం” అంది. నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు నచ్చదు.

పెళ్ళి కింద పెళ్ళి

వసుధ వెళ్ళాక మేడ మీంచి పాత క్యాసెట్ల ట్రంకు పెట్టె దింపించాను. మన గోదావరి చెమ్మకి క్యాసెట్లు పాడవుతాయి. రీలు మీద తెల్లగా బూజు పడుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడుచుకుంటూ రెండ్రోజులు వెతికాను. పార్వతి పేరు రాసిన క్యాసెట్ లేదు. ఉండదని నాకు తెలుసు. తీసిన క్యాసెట్ మిక్సింగయ్యాక దాచేవాళ్ళం కాదు, దాని మీదే ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం. ఒక పెళ్ళి మీద ఇంకో పెళ్ళి, దాని మీద ఇంకోటి. పై పెళ్ళి పొట్టిదైతే చివర్లో పాతది కొంచెం మిగిలేది.

మిగిలి ఉంటుందేమోనని ఒక్కొక్కటీ చివరిదాకా వేశాను. పగలంతా గదిలో కూర్చోవడం, టీవీలో నా గొంతు వినడం. ‘వెనక్కి చూడమ్మా.’ ఒకామె తిరిగేది. ఇంకో క్యాసెట్. ‘వెనక్కి చూడమ్మా.’ ఇంకొకామె తిరిగేది. అదే భుజం, అదే గడ్డం. అందరూ తల్లి వైపు చూశారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదు. మిక్సింగ్ చెయ్యని టేపులో తేటగా తెలుస్తోంది. వాళ్ళందరూ చూసింది నా వైపు. మూడోరోజుకి టీవీ ఆపాక కూడా ఆ గదిలో ఎవరో నాకేసి చూస్తున్నట్టే ఉండేది. మా ఆవిడని పిలిచి అక్కడే కూరగాయలు తరుక్కోమన్నాను. ముసలితనంలో ఇదేం సరసం అని నవ్వింది.

నాలుగోరోజు దొరికింది. ఎవరిదో తణుకు పెళ్ళి అయిపోయింది. తెర మీద చుక్కలు పడ్డాయి. ఆపబోతుంటే చుక్కల్లోంచి కారు తలుపు, ఎర్రచీర వచ్చాయి. మాటలు సరిగ్గా వినపడక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

జనరేటర్ మోత. దూరంగా సన్నాయి. నా గొంతు, ఒక్కసారి వెనక్కి చూడమ్మా అని. తర్వాత ఆడగొంతు, నా చెవి పక్కనే. వసుధ ఎప్పుడొచ్చిందా అని వెనక్కి చూశాను. గదిలో ఎవరూ లేరు. మా ఆవిడ పెరట్లో ఉంది. మళ్ళీ తెర వైపు తిరిగితే పార్వతి కెమెరాకి రెండడుగులు దగ్గరికొచ్చి, పెదవులు పెద్దగా కదపకుండా మాట్లాడుతోంది. అచ్చం వసుధ గొంతు.

“అన్నయ్యగారూ, నాకింకా రెండు పరీక్షలున్నాయండి. అవి రాసేసి వస్తానని మీరు చెప్పండి. మీరు ఆగమంటే అందరూ ఆగుతున్నారు కదండీ.”

నేను ఏమన్నానో కూడా అందులో ఉంది.

“నోరు కదపకమ్మా, ఇక్కడ పాట పడుతుంది. మళ్ళీ వెళ్ళి చూడు. కొంచెం నవ్వు.”

ఆవిడ ఒక్క క్షణం లెన్సులోకి చూసింది. తర్వాత వెనక్కెళ్ళి, కారు తలుపు పట్టుకుని, ఎడమ భుజం మీదుగా తిరిగి, గడ్డం దించి, పెదవులు బిగించి నవ్వింది. వాళ్ళింట్లో ఏటా వేసుకునేది ఆ రెండో టేకు.

నాకు ఇదేదీ గుర్తులేదు. ఒట్టేసి చెబుతున్నాను. నేను చెడ్డవాణ్ణయి ఉంటే కొంచెం నయంగా ఉండేది, గుర్తుండేది. నా చెవికి ఆ మాటలు తగిలాయి. నోరు కదులుతోంది, షాటు పాడవుతోంది అన్నంతవరకే నాకు పట్టింది. పందిట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ పిల్ల ఉదయం నుంచి కనిపెట్టి చూసి, సరైన మనిషినే అడిగింది. నాకు అంత అధికారం ఉందని గర్వపడ్డవాణ్ణి, ఒక్కరోజు వాడమంటే వాడలేదు.

పాట లేదు

ఆ సాయంత్రమే కిరణ్ ఫోన్ చేశాడు. టేప్ దొరికితే షాటు ఒక్కటి పంపెయ్యండి, సౌండ్ అక్కర్లేదు అన్నాడు. ఎంత తేలికో చూడండి! సౌండ్ లేకుండా పంపేస్తే పిల్ల పెళ్ళి చక్కగా జరిగిపోతుంది. పెళ్ళి ముందర తండ్రికీ కూతురికీ మధ్య చిచ్చు పెట్టడమెందుకు? పోయినావిడ పోయింది. ఇలా చాలాసేపు నాకు నేను నచ్చజెప్పుకుని, మా ఆవిడతో అన్నాను. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ తలెత్తకుండానే, “ఇన్నాళ్ళు పాట కింద దాచింది చాల్లేదేంటండి?” అంది.

మర్నాడు వసుధకి కబురు పెట్టాను. తండ్రిని కూడా తీసుకొచ్చింది. నేను రమ్మనలేదు, వద్దనలేదు. సత్తిబాబుగారు రొయ్యల చెరువుల మనిషి. గట్టిగా మాట్లాడతారు, మనసు మెత్తన. వస్తూనే మా ఆవిడని పేరుపేరునా అందరి గురించీ అడిగారు. హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్లో పెట్టాను.

వసుధ మొదటిసారి విన్నప్పుడు ఏడవలేదు. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. రెండోసారి వెయ్యమన్నది సత్తిబాబుగారు. మూడోసారీ ఆయనే. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

“నేను కారు పక్కనే ఉన్నానండి” అన్నారాయన. “నాకు వినపడలేదు. పాట వస్తోంది కదండీ.”

“ఏ పాటండి?”

“అదేనండి, హిందీ పాట. ఆవిడ తిరగ్గానే వచ్చింది కదా. నాకు బాగా గుర్తు.”

ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆయన కళ్ళలో తెలుస్తోంది. ఇన్నేళ్ళుగా ఆయన తలలో ఆ రోజు ఆ పాట మోగుతూనే ఉంది.

“అప్పుడు పాట లేదండి” అన్నాను. “పాట నేను తర్వాత వేశాను.”

ఆయన నాకేసి చూశారు. తర్వాత తెరకేసి, తర్వాత గదంతా చూశారు, ఏదో వెతుక్కున్నట్టు. పరీక్షలున్నాయని తెలుసండి అన్నారు. రెండే కదా, వచ్చే ఏడు రాసుకుంటుందిలే అనుకున్నారట. ఆ వచ్చే ఏడు వసుధ కడుపున పడింది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నవ్వుతూ వచ్చింది కదా, ఇష్టమే అనుకున్నారట.

“నాన్నగారూ, నేను కాగితం ఇవ్వనండి” అంది వసుధ.

ఆయన మాటిచ్చేశానమ్మా అని మాత్రం గొణిగారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నేను వేసిన పాటనే ఆయన నమ్మారు. నాకు చెప్పుకోవడానికి అది కూడా లేదు.

కిరణ్‌కి చెప్పిన ఒక్క మాట

ఎల్‌ఈడీ తెర మీద తల్లీకూతుళ్ళ షాటు వద్దని వసుధే కిరణ్‌కి చెప్పేసింది. పెళ్ళిరోజు నేను ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచాను. లెన్సుల గురించి చెబుతాననుకుని వినయంగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి నోరు కదిపితే ఆపకు, మైకు ఆన్‌లో ఉంచు అన్నాను. అంతేనా అండి అన్నాడు. అంతే. ముప్పై ఏళ్ళ అనుభవం అంతకంటే లేదు నా దగ్గర.

అప్పగింతలయ్యాయి. పాలలో ముంచిన వసుధ చేతుల్ని సత్తిబాబుగారు వియ్యంకుడి చేతుల్లో, వియ్యపురాలి చేతుల్లో పెట్టారు. పాలు జారి తివాచీ మీద పడుతుంటే నేను వాటినే చూస్తున్నాను. కాగితం ఇవ్వలేదని తెలుసు. అవతలివాళ్ళకి ఆయన చెప్పలేదనీ తెలుసు. ఇంకాసేపట్లో కారు వెళ్ళిపోతుంది. అక్కడికెళ్ళాక ఒంటరిగా ఆ పిల్ల ఏం చెప్పుకున్నా, మీ నాన్నగారు అలా అనలేదే అంటారు.

కారు తలుపు దగ్గర, అలవాటు చొప్పున, కిరణ్ అన్నాడు. “మేడమ్, ఒక్కసారి వెనక్కి చూడండి.”

అందరూ ఆగారు. మా రోజుల్లోలాగే ఆగారు. డ్రైవరు కూడా చెయ్యి స్టీరింగ్ మీద పెట్టుకుని అలా ఉండిపోయాడు. ఎర్రచీర, కారు తలుపు. వసుధ ఎడమ భుజం మీదుగా తిరిగింది, గడ్డం దించింది. ఆ టేపు మళ్ళీ వేసినట్టే ఉంది. పెదవులు బిగిస్తుందని చూస్తున్నాను. బిగించలేదు.

“నాన్నగారూ, పదహార్రోజుల పండగవగానే కాలేజీకి వెళ్తానండి. మామయ్యగారితో మీరు చెప్పండి.”

గట్టిగా అనలేదు. అందరూ ఆగి ఉన్నారు కాబట్టి అందరికీ వినపడింది. కిరణ్ కెమెరా దించలేదు. ఆ కెమెరా మెల్లగా సత్తిబాబుగారి వైపు తిరిగింది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగారు.

“వెళ్తుందండి బావగారూ. నేను తొందరపడి ఏదో అన్నాను.”

వియ్యంకుడుగారు కెమెరా వైపు చూసి, కోడలి వైపు చూసి, అలాగేనండి, దానికేముంది అన్నారు. పెళ్ళికొడుకు నవ్వాడు. కారు కదిలింది.

నెల తిరక్కుండానే కిరణ్ ఆ వీడియో నా ఫోన్‌కి పంపాడు. మిగతా అంతా మీ పద్ధతే, డ్రోన్లు, పొగ, స్లో మోషన్, పాటల మీద పాటలు. కారు దగ్గరికొచ్చేసరికి పాట ఆగిపోయింది. ఏసీ మోత, ఎవరో దగ్గు, తర్వాత ఆ పిల్ల మాటలు. నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

“ఆ పాత క్యాసెట్ మళ్ళీ వేశారేంటండి?”

కాదు, కొత్తదే అన్నాను.